నాన్న పద్యాలకు లేటెక్‌లో సొంత క్లాసు: నవంబరు నుంచి ఉగాది దాకా

మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు, తెనాలిలో ఉంటారు. మంగళగిరి నరసింహస్వామి మీద 108 సీస పద్యాలు రాసి, ప్రతిదానికీ తాత్పర్యం కూడా రాసి పెట్టుకున్నారు. 2024 ఎండాకాలంలో పుస్తకం వేద్దామని ఒక డీటీపీ సెంటర్‌కు ఇచ్చాం. అక్టోబరుకి నాలుగో ప్రూఫు వచ్చింది, 6,400 రూపాయలు అయ్యాయి. ఆ ప్రూఫు మీదే నాన్న 23వ పద్యాన్ని అక్కణ్ణుంచి తీసి 90ల్లోకి పంపమన్నారు. డీటీపీ వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో నంబర్లన్నీ చేత్తో కొట్టినవే. ఒక్కోటి తగ్గించుకుంటూ వచ్చిన కుర్రాడు మధ్యలో టిఫినుకి లేచినట్టున్నాడు, 60 తర్వాత 62 వచ్చింది. వెనకున్న సూచికలో పాత నంబర్లే ఉన్నాయి.

నాన్న ఫోన్ చేసి, "ఏమ్మా, మీ కంప్యూటరు చదువుల్లో దీనికి మందేమైనా ఉందా?" అన్నారు.

ఉంది అన్నాను. అనేశాక భయం వేసింది. ఆ మందు పేరు లేటెక్: రాతలో ఆదేశాలు కలిపి ఇస్తే పేజీలు, నంబర్లు తనే కూర్చిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. 2011లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ప్రాజెక్టు అందులోనే చేశాను. అదీ మా సీనియర్ ఇచ్చిన క్లాసు ఫైల్లో, అంటే పేజీ రూపమంతా నిర్ణయించే ఫైల్లో, నా చాప్టర్లు పోసి. ఆ ఫైలు తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. శని, ఆదివారాలు తప్ప టైము లేదు.

నవంబరు 9, శనివారం. లేటెక్‌కు కావలసినవన్నీ ఉండే టెక్ లైవ్ అనే మూటను మొత్తం దింపడం మొదలుపెట్టాను. ఐదు జీబీకి పైనే ఉంది. మా వైఫైకి అది రాత్రంతా పని. ఆదివారం పొద్దున ఒక పద్యం కొట్టి జీలేటెక్ (కంప్యూటర్లోని ఫాంట్లను నేరుగా వాడుకోగల లేటెక్ రకం) నడిపాను. ఎర్రర్ ఏమీ లేదు, పీడీఎఫ్ వచ్చింది, అందులో పేజీ నంబరు ఒక్కటే ఉంది. పద్యం లేదు! లాగ్ ఫైలు తెరిస్తే ఈ అక్షరం ఈ ఫాంటులో లేదు అని వందల లైన్లు. మామూలుగా వచ్చే ఫాంటులో తెలుగే ఉండదు కదా, లేని అక్షరాన్ని వదిలేసి ముందుకు పోయింది.

నోటో సెరిఫ్ తెలుగు పెట్టాను. అక్షరాలొచ్చాయి, ఒత్తులు రాలేదు. 'లక్ష్మీ'లో క, ష, మ వరసగా నిలబడి ఉన్నాయి, మధ్యలో పొల్లులు వేలాడుతున్నాయి. ఫాంటు పాడైందేమో అని మూడుసార్లు మళ్లీ దింపాను. తప్పు ఫాంటుది కాదు. ఫాంటు పేరు పక్కన 'స్క్రిప్ట్ = తెలుగు' అని విడిగా చెప్పాలి. అది చెప్పకపోతే జీలేటెక్ తెలుగు అక్షరాల్ని ఇంగ్లీషు అక్షరాల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తుంది. ఈ రెండు మాటల కోసం ఒక ఆదివారం పోయింది. ఎవరికైనా ఒత్తులు విడిపోయి కనిపిస్తే ముందు ఇదే చూడండి.

ఆ ఫాంటు నాన్నకు నచ్చలేదు. వాట్సాప్‌లో పేజీ పంపితే "సెల్‌ఫోన్ అక్షరంలా ఉందమ్మా" అన్నారు. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఏడెనిమిదింటితో ఒకే పద్యం వేసి పంపాను. సూరన్న ఫాంటు ఎంచుకున్నారు. అక్షరం చూసి ఎంచుకున్నారా, పింగళి సూరన పేరు పెట్టారని చెప్పినందుకు ఎంచుకున్నారా అన్నది ఆయనకే తెలియాలి. దానికి బోల్డు లేదు. బోల్డు అడిగితే లేటెక్ ఒక వార్నింగు పడేసి మామూలు అక్షరమే వేస్తుంది. అందుకని శీర్షికలకు రామభద్ర పెట్టాను.

ఇక్కడిదాకా అంతా ఒకే ఫైలు, పైన 140 లైన్ల సెట్టింగులు, కింద పద్యం. అలాగే కానిచ్చేయొచ్చు. కానీ పద్యాలు కొట్టాల్సింది నాన్న. డీటీపీ వాళ్లిచ్చిన ఫైలు డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఉంది, ఫోన్లలో, వెబ్‌లో అంతటా నడిచే యూనికోడ్ కాదు. కాపీ చేసి పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఒక కన్వర్టర్‌తో మారిస్తే చాలావరకు బాగానే వచ్చింది గానీ ఒత్తులు అక్కడక్కడా మారిపోయాయి. పద్యంలో ఒక ఒత్తు పోతే ముందున్న గురువు లఘువైపోతుంది, గణం చెడుతుంది. నాన్న "నేనే మళ్లీ కొడతాను" అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ 140 లైన్లు చూపించదలచుకోలేదు. వాటిని క్లాసు ఫైల్లోకి పంపేసి, ఆయనకు లిక్స్ ఇద్దామనుకున్నాను, లేటెక్ ఆదేశాలు కనిపించకుండా మామూలుగా టైపు చేసుకునే ప్రోగ్రాం అది. లిక్స్‌లో పైన ఒక డబ్బా ఉంటుంది. అందులో సీసం, గీతం, తాత్పర్యం అని ఎంచుకుని కొట్టుకుంటూ పోవడమే. అంటే నేను రెండు ఫైళ్లు రాయాలి: లేటెక్‌కు క్లాసు, లిక్స్‌కు లేఅవుట్ (ఆ డబ్బాలో ఏ స్టైళ్లు ఉండాలో చెప్పేది).

నవంబరు 16, 17. క్లాసు ఫైలు. పేరు శతకం, ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి రోజు మొదటి రెండు గంటలు 'ఫైలు దొరకలేదు' అనే ఎర్రర్‌తోనే గడిచాయి. ఫైలు నా కళ్ల ముందే ఉంది, సరైన ఫోల్డర్లోనే ఉంది. కెపీఎస్ఈ-విచ్ అనే కమాండ్‌తో లేటెక్ తరఫున వెతికి చూస్తే ఖాళీ. నోట్‌ప్యాడ్ దాని పేరు చివర టీఎక్స్‌టీ అని తగిలించింది, విండోస్ ఆ తోకను దాచిపెట్టింది. పదేళ్లుగా జనం బగ్గులు పట్టుకునే ఉద్యోగంలో ఉన్నాను, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పేరు. డాక్యుమెంట్లో ఒక స్పెల్లింగు రాశాను, క్లాసు లోపల తన పేరు చెప్పుకునే ప్రొవైడ్స్‌క్లాస్ అనే ఆదేశం దగ్గర 'హెచ్' చేర్చి ఇంకో స్పెల్లింగు రాశాను. నువ్వు అడిగింది ఒకటి, ఇది ఇంకొకటి అని వార్నింగు ఇస్తుంది, పని మాత్రం ఆపదు. అది సరే. అసలు బాధ పెట్టింది వరస. డాక్యుమెంట్లో 12 పాయింట్ అడుగుతున్నాను, పేజీ మీద 10 పాయింట్ వస్తోంది, ఏ ఎర్రరూ లేదు. నా క్లాసు సొంతంగా ఏమీ కాదు, లోపల మామూలు బుక్ క్లాసునే పిలుస్తుంది. వచ్చిన ఆప్షన్లను ముందు దానికి చేరవేసి, ప్రాసెస్ చేసి, ఆ తర్వాతే లోడ్‌క్లాస్ అని దాన్ని పిలవాలి. నేను ముందే లోడ్ చేసేశాను. బస్సు వెళ్లిపోయాక టికెట్ ఇచ్చినట్టు. నాలుగు లైన్లు పైకీ కిందికీ మార్చాక 12 పాయింట్ వచ్చింది. అప్పుడు రాత్రి ఒంటిగంట, సంతోషం పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ మేలుకుని లేరు.

సీసం సంగతి మామూలు పద్యంలా కాదు. పాదం పొడుగు, డెమీ సైజు (140 మిల్లీమీటర్ల వెడల్పు) పేజీలో ఒక్క లైనులో పట్టదు. కాబట్టి ప్రతి పాదాన్నీ రెండు ముక్కలు చేసి రెండోదాన్ని కాస్త లోపలికి జరిపి వేస్తారు. అలా నాలుగు పాదాలు ఎనిమిది లైన్లు, కింద తేటగీతి నాలుగు లైన్లు, దాని చివరి పాదం మకుటం: 'మంగళాద్రీశ! నరసింహ! మహితచరిత!' ఎడమ పక్క మార్జిన్‌లో సీ., తే.గీ. అని గుర్తు. పైన నడిమధ్య నంబరు. ఇవన్నీ నాన్నకు పుస్తకాల్లో చూసి చూసి అలవాటైనవి, ఎవరూ నియమంగా రాసి పెట్టినవి కావు. నేను మాత్రం ప్రతిదానికీ ఒక అంకె చెప్పాలి. రోజూ రాత్రి ఫోను: రెండో ముక్క ఎంత లోపలికి? తేటగీతి సీసానికి సమానంగా మొదలవ్వాలా, లోపలికా? మకుటం ప్రతిసారీ పూర్తిగా వేయాలా? చివరి ప్రశ్నకు కోపం వచ్చింది. "మకుటం లేకుండా శతకమేమిటే!" అన్నారు.

లైన్లు ఎలా కొట్టాలన్నది ఇంకో చిక్కు. లిక్స్‌లో మామూలు పద్యం స్టైలు వాడితే ఒక్కో లైను చివర కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కాలి. పద్యానికి పన్నెండు లైన్లు, 108 పద్యాలు. నాన్న మర్చిపోతారు, నేనైనా మర్చిపోతాను. అందుకని ప్రతి లైనూ ఒక పేరా అనుకున్నాను, ఉత్త ఎంటర్ చాలు. ఎవ్రీపార్ అని ఒకటుంది, ప్రతి పేరా మొదట్లో లేటెక్ తనంతట తాను చేయాల్సిన పనిని అందులో పెట్టొచ్చు. అందులో ఒక కౌంటర్ పెట్టాను. బేసి లైను అయితే ఎడమకు, సరి లైను అయితే ఒక సెంటీమీటరు లోపలికి. మొదటి లైను అయితే పక్కన సీ. అని వేసి రావాలి. నంబరు కూడా దానంతట అదే పెరుగుతుంది. ఒక పద్యాన్ని తీసి పక్కకు పెట్టి చూశాను, కిందివన్నీ సర్దుకున్నాయి. 60 తర్వాత 61 వచ్చింది.

రెండు పద్యాలు ప్రింటు తీసి కొరియర్‌లో పంపాను. నాన్న స్కేలు పెట్టి కొలిచి ఫొటో పంపారు: మొదటి లైను మిగతా బేసి లైన్ల కన్నా మిల్లీమీటరు కుడికి ఉంది. నాకు కంటితో కనిపించలేదు. కోడ్‌లో సీ. అని వేసే చోట లైను చివర శాతం గుర్తు పెట్టలేదు. ఆ లైను చివర ఎంటర్‌ను లేటెక్ ఒక ఖాళీగా లెక్కేసి పేజీ మీద వేసేసింది. శాతం గుర్తు పెడితే పోయింది. అప్పట్నుంచి క్లాసు ఫైల్లో ప్రతి లైను చివరా శాతం పెట్టడం ఒక జబ్బులా పట్టుకుంది.

ఒత్తులు కింది లైను గుడులకు తగులుతుంటే 12 పాయింట్ అక్షరానికి లైను దూరం 18 పాయింట్లు చేశాను. అప్పుడు పేజీకి 26 లైన్లే. పద్యం, నంబరు, ఖాళీలు పోను తాత్పర్యానికి పదకొండు మిగిలాయి. ఈ పదకొండు తర్వాత నా నిద్ర చెడగొట్టింది.

డిసెంబరు అంతా లేఅవుట్. ఇది క్లాసు కన్నా చిన్న ఫైలే. మొదటి లైనులో 'కింది లైను తీసేయొద్దు, దీని మీద కాన్ఫిగర్ ఆధారపడి ఉంది' అని ఇంగ్లీషులో కామెంట్ ఉంటుంది. రెండో లైనులో, అదీ కామెంట్‌గానే, క్లాసు పేరు. కామెంట్లే కదా అని రెండూ తీసేసి నీటుగా మొదలుపెట్టాను. లిక్స్‌లో నా క్లాసు కనిపించనే లేదు. ఆ కామెంట్‌నే చదివి లిక్స్ పేరు నమోదు చేసుకుంటుందట. తీసేయొద్దని రాసి ఉన్నదాన్ని తీసేసినందుకు ఎవరిని తిట్టాలి? మళ్లీ పెట్టి, టూల్స్‌లో రీకాన్ఫిగర్ (క్లాసుల్ని మళ్లీ వెతుక్కోమని చెప్పేది) నొక్కి, లిక్స్ మూసి మళ్లీ తెరిస్తే వచ్చింది. మొదట్లో చిన్న మార్పు చేసినా ఈ తతంగమంతా చేసేదాన్ని. పది రోజులయ్యాక తెలిసింది, డాక్యుమెంట్ సెట్టింగుల్లో లోకల్ లేఅవుట్ అనే చోట అదే కోడ్ పెట్టి అక్కడికక్కడే సరిచూసుకోవచ్చని. అన్నీ కుదిరాక ఫైల్లోకి మార్చుకుంటే చాలు. స్టైళ్ల పేర్లు ఎందుకైనా మంచిదని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాను.

సంక్రాంతికి జనవరి 12న తెనాలి వెళ్లాను, 350 రూపాయల పెన్‌డ్రైవ్‌లో అన్నీ వేసుకుని. నాన్న ల్యాప్‌టాప్ పాతది. టెక్ లైవ్ ఎక్కించడం మధ్యాహ్నం మొదలుపెడితే భోగి మంట వేసే వేళకి అయింది. అమ్మ ముగ్గు వేసుకుంటూ "అది ఇంకా ఉడకలేదా" అని అడిగింది. పొద్దున్నే లిక్స్ తెరిస్తే నా క్లాసు జాబితాలో ఉంది గానీ పక్కన 'అందుబాటులో లేదు' అని ఉంది. లేఅవుట్ పెట్టాను, క్లాసు ఫైలు పెట్టడం మర్చిపోయాను. అది పెట్టి రీకాన్ఫిగర్ చేస్తే ఈసారి ఫాంటు దొరకలేదన్నది. ఫాంటును పుస్తకం ఫోల్డర్లోనే పెట్టి దారి చూపిద్దామనుకున్నాను, నా దగ్గర ఉత్త జీలేటెక్‌తో అలాగే నడిచింది. లిక్స్ మాత్రం ఫైలును వేరే తాత్కాలిక ఫోల్డర్లోకి కాపీ చేసి అక్కడ నడుపుతుంది, ఆ దారి అక్కడ చెల్లదు. చివరికి ఫాంట్లు రెండూ విండోస్‌లోనే, అందరు యూజర్లకూ అనే ఆప్షన్‌తో ఇన్‌స్టాల్ చేశాక దొరికాయి.

కనుమ రోజు నాన్న కూర్చుని మొదటి పద్యం కొట్టారు. సీసం ఎంచుకుని ఎనిమిది లైన్లు, గీతం ఎంచుకుని నాలుగు. పీడీఎఫ్ కన్ను బొమ్మ నొక్కారు. పేజీ వచ్చింది, నంబరుతో, సీ.తో, మకుటంతో. కాసేపు చూసి, "మరి ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు ఇంత డబ్బెందుకు తీసుకుంటున్నారు?" అన్నారు. నా రెండు నెలలు ఆ మాటలో కొట్టుకుపోయాయి.

ఫిబ్రవరి 8కి 108 పద్యాలూ కొట్టేశారు. రోజుకు నాలుగైదు. ఒక్కసారే ఫోన్ చేశారు, తాత్పర్యం కొడుతుంటే లైన్లు ఒకటి విడిచి ఒకటి లోపలికి పోతున్నాయని. స్టైలు మార్చడం మర్చిపోయారు, అంతే.

ఇక పదకొండు లైన్ల కథ. ప్రెస్సులో ఫారం అంటే 16 పేజీలు. ముందు పేజీలు 16, పద్యాలు 108, సూచిక 4, మొత్తం 128, సరిగ్గా ఎనిమిది ఫారాలు. పద్యానికి ఒక పేజీ అన్నది నాన్న పట్టుదల. పీడీఎఫ్ తీస్తే 135 పేజీలు వచ్చింది. అంటే ఏడు తాత్పర్యాలు పక్క పేజీలోకి ఒలికాయి. తొమ్మిదో ఫారం వేస్తే ఇంకో రెండున్నర వేలు అన్నారు, పైగా చివర తొమ్మిది తెల్ల పేజీలు. నాన్న గునుస్తూనే నాలుగు తాత్పర్యాలు తగ్గించారు. రెండింట్లో ఒక్క లైనే ఎక్కువైంది. పేజీని అంతమేరకు పొడిగించే కమాండ్ ఉంది, ఎన్‌లార్జ్ దిస్ పేజ్ అని, అది సరిపోయింది. మిగిలింది 71వ పద్యం. దశావతారాలు. "ఏ అవతారం తీసేయమంటావు?" అన్నారు. ఏమనాలి? ఆ ఒక్కదాని కోసం క్లాసులో చిన్నక్షరాల తాత్పర్యం అని ఇంకో స్టైలు పెట్టాను. మొత్తం పుస్తకంలో దాన్ని వాడింది అక్కడొక్కచోటే.

సూచిక మేక్ఇండెక్స్ అనే, సూచికను వరసపెట్టే ప్రోగ్రాంతో తీశాను. అకారాది క్రమం దాదాపు సరిగానే వచ్చింది, 'అం'తో మొదలయ్యే మూడు పద్యాలు మాత్రం అన్నిటికన్నా ముందు కూర్చున్నాయి. యూనికోడ్‌లో సున్న నంబరు అచ్చుల కంటే ముందుంది. నాన్న వాటిని ఔ తర్వాతకు పంపమన్నారు. మూడే కాబట్టి చేత్తో సర్దాను.

మార్చి 3న విజయవాడలో ప్రెస్సుకు పీడీఎఫ్ పంపాను. "ఓపెన్ ఫైలు పంపండి మేడమ్, పేజ్‌మేకర్‌ది" అని అడిగారు. లేదంటే నమ్మలేదు. ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లోనే ఉన్నాయని రెండుసార్లు చెప్పాక తీసుకున్నారు. 6న డమ్మీ (నమూనా కాపీ) వచ్చింది, 240 రూపాయలు. బైండింగు పక్క మార్జిన్ చాలలేదు. కుడి పేజీల్లో సీ. అన్న గుర్తు మడతలోకి పోయి, పుస్తకం విరిచి చూస్తే తప్ప కనిపించట్లేదు. బైండింగుకు ఐదు మిల్లీమీటర్లు అని ఒక్క అంకె మార్చాను. అన్ని పేజీలూ జరిగాయి. దాంతోపాటు అచ్చు వెడల్పు ఐదు మిల్లీమీటర్లు తగ్గి, పదకొండు తాత్పర్యాలు మళ్లీ ఒలికాయి! ఆ రాత్రి కంప్యూటర్ మూసేసి పడుకున్నాను. పొద్దున లేచాక తట్టింది, వెడల్పును క్లాసులో 105 మిల్లీమీటర్లని కట్టేసి, లోపలి మార్జిన్ 20, బయటిది 15 అని విడివిడిగా చెప్పాలని. డెమీ వెడల్పు 140, లెక్క సరిపోయింది. 128 పేజీలు. 10న మళ్లీ పంపాను.

300 కాపీలకు 27,000 అయ్యాయి. కొరియర్లు, డమ్మీ, పెన్‌డ్రైవ్ అన్నీ కలిపి వెయ్యి లోపే. సాఫ్ట్‌వేర్‌కు ఒక్క పైసా లేదు. డీటీపీకి పెట్టిన 6,400 ఎటూ పోయినవే. నా శని, ఆదివారాలు పద్దెనిమిది వారాలు, అందులో క్లాసు పని నిజానికి నాలుగు వారాలే.

ఉగాది మార్చి 30. పుస్తకాలు 27న ఇంటికి చేరాయి. అట్టపెట్టె విప్పి నాన్న ముందుగా తెరిచింది 61వ పద్యం. ఉంది. తర్వాత కళ్లజోడు సర్దుకుని మొదటినుంచి మొదలుపెట్టారు. సాయంత్రానికి రెండు అచ్చుతప్పులు పట్టారు, ఒకటి ముందుమాటలో, ఒకటి 88వ పద్యంలో. రెండూ తాను కొట్టినవే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేకపోయారు. తప్పొప్పుల పట్టిక వేసి ప్రతి కాపీలో పెడదామన్నారు. దానికి నా క్లాసులో స్టైలు లేదు. ఆ రాత్రే కూర్చుని పెట్టాను.